వచ్చిన బండికి మొదటి నీళ్లు

కుప్పంలో మా గ్రేస్ అత్త పాత ఇంటిని పడగొట్టి ఆ జాగాలోనే కొత్తది కట్టుకోవాలని అటక మీది సామాను దించిన రోజు నాకు ఫోన్ చేసింది. “కరుణా, మీ నాయన చేసిన కొయ్య బండి ఉండాది ఈడ. తీసకపోతావా, పొయ్యిలో పెట్టేదా?” అనింది. మా అత్త అభిమానాన్ని కూడా బెదిరింపులాగానే చెబుతుంది. అందుకని నేను భయపడలేదు, కానీ ఆలస్యమూ చేయలేదు. మదనపల్లె నుంచి కారు తోలుకుంటూ పోయాను. సిమెంటు మూటల మధ్య నిలబడి, ఒక పాత తెల్ల చొక్కాలో చుట్టిన దాన్ని పసిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. విప్పి చూశాను. మూర పొడవుండే పాతకాలపు కారు. చక్రాల మీద వంపు తిరిగిన మడ్‌గార్డులు, ఎక్కడానికి పక్కన మెట్టు, వెనకాల తగిలించిన స్టెప్నీ. దీపాలకు ఇంజెక్షన్ సీసాల మూతలు. రేడియేటరుకు టీ వడగట్టే జాలి. ముందు అద్దానికి మందు కడిగేసిన ఎక్స్‌రే ఫిలిం ముక్క. ఆ ఫిలిం మూలన ఎవరిదో పక్కటెముక నీడ ఇంకా పోలేదు. స్టీరింగు ఎడమ పక్క ఉంది. ఎడమ పక్కే కదా అని ఇంకోసారి చూసుకున్నాను. కుడి ఎడమల విషయంలో నా మాట నేనే నమ్మను.

నమ్మకపోవడానికి కారణముంది. ఆ బండి తయారైన ఏడు నేను ఇంటర్‌లో ఫిజిక్సు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మోటారుకు ఎడమచేతి సూత్రం, జనరేటరుకు కుడిచేతి సూత్రం అని పుస్తకంలో ఉంటుంది. పరీక్ష హాల్లో నేను రెండు చేతులూ ఎత్తి, వేళ్లు మూడు దిక్కులకూ చాపి చూసుకుంటుంటే, ఇన్విజిలేటరు వచ్చి “ఏమ్మా, ప్రార్థన చేస్తాండావా?” అని అడిగాడు. చేసి ఉన్నా బాగుండేది. నా పేరు కరుణ అయినా పేపరు దిద్దినాయనకు కరుణ కలగలేదు. మా వంశంలో గ్రేస్ అనే మనిషి ఉండి కూడా గ్రేసు మార్కులు పడలేదు. మా నాయన పేరు రత్నం, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఆయన నన్ను తిట్టలేదు. మార్కుల కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఫిలిం చూసినట్టు కళ్లు చిట్లించి చూసి, “ఎముక ఇరగలేదులే, బెణికిండాది అంతే” అని ఇచ్చేశాడు.

అప్పటి మా ఇంటిని తలచుకుంటే మొదట వాసనలే వస్తాయి. నాయన చేతులకు ఎక్స్‌రే ఫిలింలు కడిగే మందు వాసన, పుల్లగా, ఎంత సబ్బు రుద్దినా పోనిది. ఆయన అన్నం కలిపి ముద్ద పెడితే చింతపండు వేయని పప్పు కూడా కొంచెం పులుపుగా ఉన్నట్టుండేది. అమ్మ దగ్గర కుట్టుమిషను నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన. మార్కెట్టు పక్క నుంచి గాలి మళ్లిందంటే మగ్గిన టమేటాల వాసన. పొద్దున లేస్తే ప్రార్థన, ఒక పాట, రాగిసంకటిలోకి ఏం చేయాలని చిన్న వాదన, ఆపైన మిషను చప్పుడు. మా అమ్మ పేరు శాంతమ్మ. ఆ పేరు ఆమెకు పెట్టిన వాళ్లు ఆమె మిషను తొక్కడం చూసి ఉండరు. క్రిస్మస్ దగ్గర పడే కొద్దీ ఆ మిషను రైలు లాగా పరిగెత్తేది. చర్చిలో సగం మంది ఆడవాళ్ల రవికలు మా ఇంట్లోనే పుట్టేవి. ఆ మిషను ఆగితే ఇంట్లో ఎవరికో జ్వరమని పక్కింటివాళ్లు అర్థం చేసుకునేవారు.

మా తాత దేవదానం, అంటే నాయనకు నాయన, కుప్పంలో అత్త దగ్గర ఉండేవాడు. ఒకప్పుడు మదనపల్లెలో ఒక దొరసాని డాక్టరమ్మకు కారు తోలినాడు. పుంగనూరు, వాల్మీకిపురం, బైరెడ్డిపల్లె, యాడ క్యాంపు పెడితే ఆడికి ఆమెను తోలుకుపోయేవాడు. దొరసాని ఓడెక్కి వెళ్లిపోయింది, కారు ఎవరికో అమ్ముడుపోయింది, తాత ముసలివాడయ్యాడు. కానీ ఆయన మాటల్లో మాత్రం ఆ కారు ఏనాడూ షెడ్డు దాటి పోలేదు. మా చిన్నప్పుడు ఆయన చెప్పే కథల్లో రాజులు ఉండరు, బండ్లే ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది దొరసాని వాళ్లుండే ఆసుపత్రి కాంపౌండులో ఉన్న ఒక పద్ధతి గురించి. పై ఊరి నుంచి ఎవరైనా దొరలు బండి వేసుకుని వస్తే, తెల్లారి మొదటి బక్కెట్టు నీళ్లు ఆ వచ్చిన బండికి. సొంత బండికి ఆ తర్వాతే. వచ్చిన బండి తిరిగి గేటు దాటి పోయేదాకా ఇంటి డ్రైవరు యాడికీ కదలకూడదు. “వచ్చిన బండికి గీత పడితే మన మొగానికి పడినట్టేనమ్మా” అనేవాడు, తన చెంప మీద వేలితో గీత గీసి చూపిస్తూ.

నేను ఫిజిక్సు తప్పిన ఆ ఏటికి తాతకు చూపు పూర్తిగా పోయింది. చూపుతో పాటు కాలం కూడా కలగాపులగం అయిపోయింది. తెల్లవారుజామున లేచి, బక్కెట్టు పట్టుకుని, గోడ తడుముకుంటూ వీధిలోకి పోయేవాడు. దొరసాని క్యాంపుకు టైమైంది, బండి కడగాలి. ఒకసారి లారీలు పోయే రోడ్డు మధ్యలో దొరికాడు. ఇంకోసారి రైలుకట్ట పక్కన కూర్చుని, షెడ్డు తలుపు ఎవరు తీసినారని పోయే వాళ్లందరినీ అడుగుతున్నాడట. మా దగ్గర పెట్టుకుందామంటే మాది మెయిన్ రోడ్డు మీద మిద్దె, మెట్లు దిగితే బస్సుల కిందే. అత్త కుప్పంలో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. ఒకరోజు ఎస్‌టీడీ బూతు నుంచి ఆసుపత్రికి ఫోన్ చేసింది. నేను నాయనకు సద్ది ఇచ్చేకి పోయి పక్కనే ఉన్నాను. ఆమె గొంతు నాకు కూడా వినపడింది. “అన్నా, ఇంగ నాయన గదికి బయట తాళం ఎయ్యల్ల. నాకి ఇష్టమై సెప్తాండానా? తాళం ఎయ్యకపోతే ఒకనాడు మనిషిని యాడో ఎత్తుకోని రావల్ల. క్రిస్మస్ దాకా సూస్తా. ఆపైన నన్నేమీ అనొద్దు.” నాయన “సరే గ్రేసూ” అని ఫోన్ పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఆయన సద్ది తినలేదు. కన్నతండ్రిని గదిలో పెట్టి తాళం వేసుకునే ఇల్లు తనది కాకూడదని మాత్రం నాతో ఒక్కసారి అన్నాడు, అదీ నా వైపు చూడకుండా.

రెండు రోజులకు ఒక ఆలోచనతో వచ్చాడు. “ఆయప్ప యాల బయటికి పోతాండాడు? బండి కోసం. బండి ఇంట్లోనే ఉంటే?” అన్నాడు. అమ్మ, నేను ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. నాయన చేతిలో దొరసాని కాలం నాటి ఒక పాత అమెరికా పత్రిక ఉంది. అందులో ఒక మనిషి స్క్రోల్ సా అనే మిషను ముందు కూర్చుని కొయ్యతో పాతకాలపు కారు చేస్తున్నాడు. సన్నటి రంపపు ఆకు ఒకటి పైకీ కిందికీ ఆడుతుంటుంది. కొయ్యను మెల్లగా తిప్పుకుంటూ పోతే ఎన్ని వంకరలైనా తెగుతాయి. అట్లాంటి మిషను మదనపల్లెలో యాడుండాది అని నేను అడిగాను. నాయన తల తిప్పి అమ్మ మిషను వైపు చూశాడు. పైకీ కిందికీ ఆడే సూది వైపు. అమ్మకు నాకంటే ముందే అర్థమైంది.

“క్రిస్మస్ రవికలు ఎవురు కుట్టేది?” అనింది.

“కొన్ని దినాలే శాంతా. ఏసుప్రభువు కూడా వడ్లపనే చేసినాడు.”

“చేసినాడు. మరియమ్మ మిషను తీసుకోలేదు.”

అయినా తీసుకున్నాడు. సూది ఉండే చోట రంపపు ఆకు బిగించి, కింద ఒక స్ప్రింగు కట్టి, బల్ల మీద రేకు పరిచి, ఏవేవో మరలు వేశాడు. అమ్మ రవికలన్నీ చేత్తో కుట్టుకుంటూ మూలన కూర్చుంది. ఒక పక్క రంపపు కోత, ఇంకో పక్క అమ్మ మాటలు. ఏది యాడ ఆగి ఏది మొదలైందో నాకు తెలిసేది కాదు. మిషను తొక్కడానికి మనిషి కావాలి కాబట్టి ఆ పని నాకు పడింది. మోటారుకు ఏ చేతి సూత్రమో తెలియక తప్పినదాన్ని, ఆ రంపానికి నేనే మోటారునై, చేతులతో పోయిన పరువును కాళ్లతో తెచ్చుకున్నాను.

కొయ్య తెగుతుందని తేలినాక ఇంకో చిక్కు వచ్చింది. ఆ కారు ఎట్లుండేదో ఎవరికీ సరిగా తెలియదు. నాయన చిన్నప్పుడు చూసినాడు గానీ, ఆయన జ్ఞాపకంలో మిగిలింది వెనక సీటు వాసన, హారను శబ్దం. ఆ రెండూ రంపంతో కోసేవి కావు. అందరికన్నా పెద్ద వాదన స్టీరింగు గురించి. దొరసాని వాళ్ల దేశం నుంచి ఓడలో వచ్చిన బండి, వాళ్లకు ఎడమ పక్కే ఉంటుంది అని నాయన. కాదు, మా నాయన కుడి చేయి బయటికి సాపి నాకి టాటా చెప్పేవాడు, కుడి పక్కే అని ఫోన్‌లో అత్త. ఈ గొడవ తేల్చుకోవడానికి నాయనా నేనూ పుంగనూరు బస్సెక్కాం. అక్కడ రసూల్ సాబు అని ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ కారుకు రిపేర్లు చేసిన మెకానిక్కు. ఆయన ఇంటి ముందర ఒక గిడ్డ పుంగనూరు ఆవు, దాని కంటే కొంచెమే ఎత్తున్న స్టూలు మీద ఆయన. కారు గురించి అడగగానే ఆయన మొగం వెలిగింది. ఏ బోల్టు ఎన్నిసార్లు ఊడిందో చెప్పాడు. బండి పొద్దున పూట యాల దగ్గేదో, ఎట్ల దగ్గేదో దగ్గి చూపించాడు. నాయన ఓపికగా అంతా విని, “స్టీరింగు యా పక్క ఉండె సాబూ?” అన్నాడు.

రసూల్ సాబు ఆలోచించాడు. రెండు చేతులూ చూసుకున్నాడు. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకడున్నాడని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

“నేను ఎప్పుడూ బండి కిందనే కదప్పా ఉండేది. కింద పండుకున్నోడికి కుడేది, ఎడమేది? తల ఇట్ల పెడితే ఇట్ల, అట్ల పెడితే అట్ల” అన్నాడు. మేము దిగాలుగా లేస్తుంటే లోపలికి పోయి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో ఒక పాత ఫోటో ఫిలిం. ఫోటో కాగితానికి చెద పట్టి పోయింది, ఫిలిం మాత్రం మిగిలింది. అరచేయంత ఉంది. కారు పక్కకు తిరిగి నిలబడి ఉంది, దాని ముందర వయసులో ఉన్న మా తాత. పని అయినాక మళ్లీ తెచ్చియ్యల్ల అని మాట తీసుకుని ఇచ్చాడు.

ఆ ఫిలింను నాయన ఎక్స్‌రేలు చూసే దీపం పెట్టె మీద తగిలించాడు. నల్లగా ఉండాల్సిన కారు తెల్లగా, తెల్లగా ఉండాల్సిన చొక్కా నల్లగా, మా తాత దయ్యంలాగా నవ్వుతున్నాడు. స్టీరింగు మాకు దగ్గరి కిటికీలోనే కనబడుతోంది. ఒక రకంగా పెడితే కారు ఎడమ పక్కకు పోతున్నట్టుంది, అప్పుడు స్టీరింగు ఎడమ పక్కది అవుతుంది. తిప్పి పెడితే కుడి పక్కకు పోతున్నట్టుంది, స్టీరింగు కుడి పక్కది అవుతుంది. రెండు రకాలుగా చూసినా ఏ లోపమూ లేదు. నేను మళ్లీ ఇన్విజిలేటరును వెతుక్కునే పరిస్థితికి వచ్చాను. నాయన మాత్రం తడుముకోలేదు. ఆయన జీవితమంతా చూసింది ఛాతీ ఫిలింలు. మనిషి నీకు ఎదురుగా నిలబడినట్టు ఫిలిం పెట్టాలి, గుండె చూసేవాడి కుడి చేతి పక్కకు రావాలి. అంతే లెక్క. తాత చొక్కాకు ఒక పక్క జేబు కనబడుతోంది. “జేబు ఉండే పక్కే గుండె ఉంటాది” అని, జేబు తన కుడి చేతి పక్కకు వచ్చేట్టు ఫిలిం తిప్పి పెట్టాడు. కారు ఎడమ పక్కకు మళ్లింది. “సూసినావా, ఎడమ స్టీరింగే. మీ అత్తకు సెప్పు, ఫిలిం అబద్ధం సెప్పదు” అన్నాడు. ఆ వెలుతురు మీద కాగితం పెట్టి గీతలు గీసుకుని, వాటిని పెద్దవి చేసి, మైదా జిగురుతో కొయ్య మీద అంటించాడు.

మొదట టమేటా పెట్టెల చెక్క వాడితే పేలికలు పేలికలుగా చీలింది. తర్వాత చర్చిలో తీసి పారేసిన ఒక టేకు బెంచీ పలక దొరికింది. ఆ పలక మీద ఎంతోమంది ఎన్నో ప్రసంగాలకు కునికిపాట్లు పడి ఉంటారు, అందుకేనేమో చాలా నున్నగా ఉండేది. నేను తొక్కుతుంటే నాయన గీత వెంబడి కొయ్యను తిప్పేవాడు. మడ్‌గార్డు వంపు దగ్గరికి రాగానే “మెల్లగా, మెల్లగా, మలుపు వస్తాండాది” అనేవాడు, నేను నిజంగా రోడ్డు మీద ఉన్నట్టు పాదం బిగబట్టేదాన్ని. ఆకు పుటుక్కున విరిగేది. కొత్త ఆకు బిగించేదాకా నిశ్శబ్దం. పొట్టు ఎగిరి అమ్మ కుట్టే రవికల మీద పడేది, ఆమె దులిపి మళ్లీ కుట్టేది. చివరికి ఆమే ఒకనాడు ఎర్ర రెక్సిన్ ముక్క తెచ్చి, దూది కూరి, కారుకు బుల్లి సీట్లు కుట్టింది. “కూర్చునేకి మెత్తగా లేకపోతే మీ నాయన ఒప్పుకోడు” అనింది. నాయన చాలాసేపు ఆ సీట్లనే చూస్తూ కూర్చున్నాడు.

క్రిస్మస్‌కు ముందు ముగ్గురం బండిని దుప్పట్లో చుట్టుకుని కుప్పం పోయాం. బస్సులో కండక్టరు “దీనికి టికెట్టు కొట్టల్లనా, బండికి బండెక్కేకి?” అని నవ్వాడు. తాత వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్త కొత్త తాళం కప్ప కొని పెట్టుకుంది, కిటికీలో కనబడుతోంది. నాయన దాన్ని చూసి, చూడనట్టు మొగం తిప్పుకుని, బండిని తాత ఒళ్లో పెట్టాడు. “నాయనా, దొరసాని బండి.”

తాత చేతులు దాని మీదికి పోయాయి. మొదట చక్రాలు. మడ్‌గార్డు వంపు వెంబడి వేలు పోయింది. దీపాలు, జాలి, అద్దం. ఎర్ర సీటును బొటనవేలితో నొక్కి చూశాడు, మొగంలో కొంచెం మెత్తదనం వచ్చింది. ఆ తర్వాత ఒక చేయి స్టీరింగు కోసం పోయింది. అక్కడ లేదు. తడిమాడు. ఇంకో పక్కకు పోయింది, దొరికింది. చేయి దాని మీదనే ఆగిపోయింది.

“మంచి బండి. ఎవురిదప్పా?” అన్నాడు.

“మనదే నాయనా.”

“మనది కాదు. మనదాంట్లో స్టీరింగు ఈడ ఉండదు. ఇది ఎవురిదో, వచ్చిన బండి” అని, మొగం పైకెత్తి అత్త ఉన్న దిక్కుకు “నీళ్లు తెప్పీమ్మా” అన్నాడు.

నాయన అరుగు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ల పనికి తండ్రి తనకు మార్కుల కాగితం ఇచ్చాడు, అందులో ఎముకే విరిగింది. ఆయన సంచిలో చిన్న రంపం, జిగురు ఉన్నాయి. రేపు పొద్దునకల్లా స్టీరింగు ఊడదీసి ఇంకో పక్కకు పెడతానని గొణుక్కున్నాడు. ఆ మరునాడు తెల్లవారుజామున తాత లేచిన చప్పుడుకు మేమంతా లేచాం. వాకిలి తీసే ఉంది. తాత గోడ పట్టుకుని బక్కెట్టు దాకా పోయాడు, వాకిలి దాకా పోయాడు. అత్త చీర కొంగు బిగించి పరిగెత్తేకి సిద్ధంగా ఉంది. గడప దగ్గర తాత నిలబడిపోయాడు. ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు. వచ్చి, మంచం పక్కన పీట మీద ఉన్న కొయ్య బండిని తడి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ముందు బానెట్టు, తర్వాత మడ్‌గార్డులు, పైనుంచి కిందికి. తుడుస్తూ, “మన బండి షెడ్డులో ఉండనీ. వచ్చినోళ్లు పోయేదాక నేను యాడికీ పొయ్యేకి లేదు” అన్నాడు, ఎవరో పిలిచినట్టు.

నాయన జిగురు సీసా చేతిలో పట్టుకుని లేచాడు. అత్త అడ్డం వచ్చింది. గుసగుసగానే, కానీ గట్టిగా, “అన్నా, ఆ స్టీరింగు ముట్టుకుంటివంటే నీ సెయ్యి ఇరుగుతాది. అది ఆయప్ప బండే అయితే ఏసుకోని క్యాంపుకు పోడా?” అనింది. అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. సరిగ్గా చేసి ఉంటే తాత ఆ తెల్లారి బైరెడ్డిపల్లె బయల్దేరి ఉండేవాడు. తప్పు చేసినందుకు ఇంట్లో ఉన్నాడు. కొత్త తాళం కప్ప అత్త బీరువాకు పనికొచ్చింది.

ఇదంతా సంతోషంగా ముగిసిందని చెప్పాలని ఉంది. కానీ మేము తిరుగుప్రయాణమయ్యే మధ్యాహ్నం తాత నాయన చేయి పట్టుకుని, మర్యాదగా, తన ఈడు డ్రైవరుతో మాట్లాడినట్టు అడిగాడు. “మీ దొర ఎప్పుడు బయల్దేరుతాడప్పా?” బండి తెచ్చి ఒళ్లో పెట్టిన మనిషి కదా, ఆ బండి డ్రైవరే అనుకున్నాడు. నాయన నోరు తెరిచాడు. నేను మీ రత్నాన్ని అంటే బండి మనదవుతుంది, మనదైతే తాత రోడ్డెక్కుతాడు. “ఇంగా రెండు దినాలు ఉంటారప్పా” అన్నాడు. నాయన తన తండ్రిని నాయనా అనకుండా, పరాయి మనిషిని పిలిచినట్టు అప్పా అనడం నేను వినడం అదే మొదలు. ఆ తర్వాత ఎప్పుడు కుప్పం పోయినా అంతే. తాత అడిగేవాడు, నాయన ఇంకా రెండు దినాలనేవాడు, తాత సరేనని తల ఊపి, అతిథి డ్రైవరుకు మజ్జిగ ఇమ్మని అత్తకు చెప్పేవాడు. నాయన ఆ మజ్జిగ ఒక్క గుక్క కూడా మిగల్చకుండా తాగేవాడు. కొడుకుగా పోయి ఎవరి డ్రైవరుగానో తిరిగొచ్చేవాడు. రెండువేల సంవత్సరం దాటి కొంతకాలానికి తాత నిద్రలోనే పోయాడు. పోయే ముందరి ఆదివారం నాయన పోతే, ఆ రోజు తాత ఏమీ అడగలేదు. బండిని ఆయన వైపుకు తోసి, “తయారుగా ఉండాదప్పా, నీళ్లు కొట్టినా” అన్నాడట. నాయన దాన్ని తీసుకుని రాలేదు. అక్కడే పీట మీద వదిలి వచ్చాడు. నాయన కూడా పోయి ఇప్పటికి చాలా ఏండ్లయింది.

ఇంక ఈ చొక్కా. మొన్న కుప్పం నుంచి తెచ్చి, ఇంట్లో పరిచి చూస్తే తాత చొక్కా అది. అమ్మ ఏటా క్రిస్మస్‌కు ఆయనకు కుట్టి పంపేవాటిలో ఒకటి. జేబు కుడి పక్క ఉంది. నేను అద్దం ముందు నిలబడి తొడుక్కుని మరీ చూసుకున్నాను. కుడి పక్కే. తాతది పుర్రచెయ్యి కదా అని అప్పుడు గుర్తొచ్చింది. ఎడం చేత్తో తీసుకునేకి వీలుగా జేబు కుడి పక్క. అంటే ఫిలింలో జేబు గుండె పక్కది కాదు. అంటే నాయన తిరగేసి పెట్టాడు. అంటే అత్త చెప్పిందే నిజం. ఇన్నేళ్లకు ఒక విషయం తేలిందని సంబరపడి, కింది గదిలో ఉన్న అమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె ఇప్పటికీ ఆ మిషను మీదనే కుడుతుంది, దాని కుట్టు ఆ రంపం తర్వాత కొంచెం వంకరగానే పడుతుంది. చొక్కా అటూ ఇటూ తిప్పి చూసి, “కుడి పక్క నేనే కుట్టినా, ఆయప్ప అడిగితే. ఆ ఫోటో నాటికి నేను కోడలుగా యాడొచ్చినా? అప్పటి చొక్కా కాంపౌండు వాళ్లు ఇచ్చింది. వాళ్లు జేబు యా పక్క కుట్టినారో నాకేం తెల్సు?” అనింది. ఫిలిం రసూల్ సాబుకు మళ్లీ ఇచ్చేశాం, ఆయనా లేడు, ఆ బిస్కెట్ల డబ్బా యాడుందో తెలియదు. పైగా తాత ఆ రోజు బండిని ముక్కు తన పొట్ట వైపుకు పెట్టి పట్టుకున్నాడా, వీధి వైపుకా అని ఆలోచిస్తే అది కూడా గుర్తు లేదు. పొట్ట వైపుకు పట్టుకుని, అలవాటు కొద్దీ చేయి పోనిచ్చి ఉంటే ఆయన వెతికిన పక్క కూడా మారిపోతుంది. నేను ఫిజిక్సు తప్పిన రోజున యాడున్నానో, ఇప్పుడూ అక్కడే ఉన్నాను.

ఈ కాలంలో ఇట్లాంటి అనుమానాలకు జాగా లేదు. ఫోనులో వెతికితే ఆ కాలపు కార్లు రంగురంగులుగా కనబడతాయి, స్టీరింగు రెండు పక్కలా ఉన్నవీ కనబడతాయి. మా అక్క కొడుకు బెంగళూరులో కంప్యూటరుకు బొమ్మ చూపిస్తే చాలు, మిషను తనంత తానే కొయ్య కోసి పెడుతుంది, ఎవరూ తొక్కనక్కర లేదు. గీత వెంట్రుకవాసి కూడా తప్పదట. ఆ బండి ఫోటో పంపితే, “పిన్నీ, రెండు పక్కలా చేసి పంపిస్తాను, ఏది కావాలంటే అది పెట్టుకో” అన్నాడు. మంచి పిల్లవాడు. వద్దన్నాను. యాల వద్దన్నానో వాడికి చెప్పేంత స్పష్టంగా నాకే తెలియదు. అంత సరిగ్గా వచ్చే బండి మా తాతను ఇంట్లో కూర్చోబెట్టేది కాదని మాత్రం తెలుసు. అన్నీ సరిగ్గా ఉన్న ఇంట్లో ఆ తాళం కప్ప తలుపుకే పడి ఉండేది.

బండి ఇప్పుడు మా వసారాలో పీట మీద ఉంది. బానెట్టు మీద వార్నిషు పోయి, తాత చేయి ఆడినంత మేర టేకు రంగు బయటపడింది. పొద్దున నా కారు తుడిచేకి బక్కెట్టు నింపుకుని బయటికి వస్తాను. గుడ్డ ముంచి పిండి, ముందు దీన్ని తుడుస్తాను, పైనుంచి కిందికి, పక్కటెముక ఉన్న అద్దాన్ని కొంచెం జాగ్రత్తగా. నా కారుకు ఆ తర్వాతే. నిన్న మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి, పీటకు కాలు తగిలి, “దీన్ని ఎన్ని దినాలు ఈడ దోవకడ్డంగా పెడతావు?” అని అడిగాడు.

“ఇంగా రెండు దినాలు ఉంటారప్పా” అన్నాను.